విల్లెమ్‌స్టాడ్‌లో ఒక్క గది

వేణుమాధవ్‌కి ఆ అసైన్‌మెంట్ సన్నీవేల్‌లో, ఒక ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో, కార్లోనే అందింది.

"టార్గెట్ పేరు నిశాంత్. డిఫెన్స్ చిప్ డిజైనర్," అంది అతను పనిచేసే నిఘా విభాగం చీఫ్ మనీషా. "క్షిపణి గైడెన్స్ డిజైన్ కాజేశాడు. కొనేది విదేశీ ముఠా. హ్యాండోవర్ విల్లెమ్‌స్టాడ్‌లో. తల్లిని కూడా తీసుకెళ్తున్నాడు."

కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో డచ్చివాళ్లు కట్టిన పాత పట్నం అది. యాత్ర ఏర్పాట్లు చూస్తున్నది ఉజ్వల ట్రావెల్ ఏజెన్సీ. దాని యజమాని ఉజ్వల తమ మనిషేనని ముఠా నమ్మకం. నిజానికి ఆమె చాలాకాలంగా మనీషా మనిషి.

మర్నాడు నెరిసిన విగ్గు, కెమెరా అమర్చిన కళ్లద్దాలు పెట్టుకుని, టూర్ ప్లానర్‌గా వేణుమాధవ్ నిశాంత్ అపార్ట్‌మెంట్‌కి వెళ్లాడు. నిశాంత్ తల్లి కోటమ్మ బాపట్ల నుంచి వచ్చి కొన్ని నెలలైంది. మ్యాప్ పరవగానే ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"బాబూ, ఆ వంతెన నీళ్ల మీద తేలుద్దంట, నిజమేనా?"

నిజమేనన్నాడు. ఓడ వస్తే వంతెన మొత్తం పక్కకి జరిగి దారి ఇస్తుందని, అప్పుడు మనుషులు దాని మీదే నిలబడి ఉండొచ్చని చెప్పాడు. రేవు పక్కన రంగురంగుల మేడలు చూపించాడు. ఆమె పసుపు మేడ మీద వేలు పెట్టి, దాని ముందు ఫొటో దిగాలంది. కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లింది.

నిశాంత్ గొంతు తగ్గించాడు. "హోటల్లో మొదటి రెండు రోజులు రెండు గదులు బుక్ చేయండి. వంతెన చూశాక ఒక్కటి చాలు."

"అమ్మగారికి?"

"ఒక్కటి చాలన్నాను కదా."

కాఫీ వచ్చింది. కోటమ్మ కొసరి కొసరి పంచదార వేసింది. వేణుమాధవ్ కప్పు అలాగే బల్ల మీద పెట్టి లేచాడు.

బయట కార్లో ఎర్రటి లిప్‌స్టిక్, నల్లకళ్లద్దాలతో ఉజ్వల కూర్చుని ఉంది. అతను గది సంగతి చెప్పాడు. ఆమె కారు అద్దాలు పైకెత్తింది.

"డిజైన్ దాచిన చిప్ ఆవిడ చెవి మిషన్ డబ్బాలో వెళ్తుంది. తర్వాత సాక్షి మిగలకూడదని ముఠా షరతు. వంతెన కదిలేటప్పుడు ఆవిడ నీళ్లలో పడాలి."

"కొడుకు ఏమన్నాడు?"

"అమ్మకి ఈత రాదన్నాడు."

వేణుమాధవ్ కారు దిగి, కాలిబాట మీదే మనీషాకి ఫోన్ చేశాడు. హంతకులతో భోంచేసిన మనిషి. పని మధ్యలో ఇలా ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

వెంటనే అరెస్టు చేద్దామంటే మనీషా ఒప్పుకోలేదు. ముఠా నాయకుడి ముఖం ఎవరికీ తెలియదు. అతను మయామీలో నిశాంత్ ఎక్కే విమానమే ఎక్కుతాడు. టూర్ ఎస్కార్ట్‌గా వచ్చే ఉజ్వలని కోడ్‌వర్డ్‌తో పలకరిస్తాడు. అప్పుడు ఆమె కళ్లద్దాలు తీస్తుంది; అదే పట్టుకోమని సైగ.

మయామీ గేటు దగ్గర బోర్డింగ్ పూర్తి కావస్తోంది. పలకరించిన వాడు లేడు. కొత్త చీర కట్టుకున్న కోటమ్మ బోర్డింగ్ పాస్ అందించబోయింది. వెనకే నిశాంత్. ఇక విమానం ఎగిరితే వాళ్లు చేతికి చిక్కరు.

చివరగా ఒక ఫాదరీ, తెల్లటి కాలర్‌తో, ఉజ్వల పక్కన ఆగాడు. "మేడలకి రంగు ఆరిందా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఉజ్వల కళ్లద్దాలు తీసింది.

ఫాదరీని ఇద్దరు ఏజెంట్లు నేలకి అదిమారు. కోటమ్మ పాస్ స్కానర్‌కి తగలబోతుండగా, గేటు పక్కనే కాచుకున్న వేణుమాధవ్ ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. హ్యాండ్‌బ్యాగ్‌లోని డబ్బా విప్పితే, అడుగున చిప్.

"అది అమ్మ బ్యాగ్," అన్నాడు నిశాంత్. "నాకేం తెలీదు."

కోటమ్మ కొడుకు వైపు చూసింది. 

నిశాంత్‌కి బేడీలు పడ్డాయి. వేణుమాధవ్ ఆమెని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, దొంగతనం గురించి మాత్రం చెప్పాడు. వంతెన సంగతి నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె కళ్లు తుడుచుకుంది. "మావాడికి లోపల అన్నం పెడతారా, బాబూ?"

"పెడతారమ్మా," అన్నాడు వేణుమాధవ్. "గది కూడా ఇస్తారు. ఒక్కడికే."