క్వేజార్ లెక్క, మంగళవారం ఫోను

“మీ గడియారం తప్పండీ!” అన్నాడతను ఫోనులో, పలకరింపైనా లేకుండా.

“మా గడియారం బంగారంలా ఉంది. మీ లెక్కే చూసుకోండి,” అంది అవతలి గొంతు.

అతను రేడియో ఖగోళ పరిశోధన కేంద్రంలో లెక్కలు కట్టేవాడు. ఆమె మూడు వందల మైళ్ల అవతల కొండమీది యాంటెన్నా నడిపే ఇంజనీరు. ఒకరి ముఖం ఒకరెరుగరు. రెండు కేంద్రాలూ కలిసి ఒక దూరపు క్వేజార్‌ను, అంటే నక్షత్రంలా మెరిసే గెలాక్సీ నడిబొడ్డును, గమనిస్తున్నాయి. దాన్నుంచి ధారలా చిమ్మే జెట్‌లోని వెలుగుముద్ద కాంతికి ఆరు రెట్ల వేగంతో జరిగినట్టు అతని లెక్కలో తేలింది. రెండు చోట్లా సంకేతం అందిన సమయాలతోనే లెక్కంతా కాబట్టి, ఆమె గడియారాన్ని తప్పుపట్టాడు.

“కాంతిని మించి ఏదీ పోలేదుగా?” అన్నాడతను.

“పోవట్లేదు, లెక్కల మాస్టారూ! కాంతికి కాస్త తక్కువ వేగంతో దాదాపు మనవైపే దూసుకొస్తోంది. వెనక బయల్దేరిన వెలుగుకి దారి తగ్గుతుంది కదా, ముందుదాని వెంటే వచ్చేస్తుంది. ఏళ్ల ప్రయాణం మనకి నెలల్లో అయినట్టు కనిపిస్తుంది.”

అతను మళ్లీ లెక్క కట్టాడు. ఆమె చెప్పిందే నిజం. సిగ్గుపడుతూ క్షమాపణ అడిగాడు. “ఇకమీదట ప్రతి మంగళవారం మూడింటికి నేనే ఫోను చేస్తాలెండి, కలిసి సరిచూద్దాం,” అని ఆమె నవ్వింది.

ఏడాదిన్నర గడిచింది. అంకెలు అయిపోయాక కూడా ఇద్దరూ ఫోను పెట్టేవారు కాదు. ఒక్కోసారి ఆమె కొండమీది వాన చప్పుడు మాత్రమే వినిపించేది. దానికే అతని గుండె బరువెక్కేది.

“వెళ్లి చూడరా,” అంది, సంగతి కనిపెట్టిన అతని అక్క.

“పెళ్లయిందేమో.”

“అడుగు. నోట్లో నాలుక లేదా?”

ఫోనులో అడగలేక, ఒక సోమవారం రాత్రి బస్సెక్కాడు.

మర్నాడు మూడు కావస్తుండగా కొండ చేరాడు. యాంటెన్నా ఆగి ఉంది. పెయింటర్లు తుప్పు గీకుతున్నారు. “నెల దాటిందండీ ఆపేసి,” అన్నాడొకతను.

అంటే ఈ నెలంతా పాత అంకెలే చెప్పిందా? మరి ఫోనులెందుకు? అతను కంట్రోల్ గదివైపు పరుగెత్తాడు.

“లెక్కల మాస్టారు లేరా? ఎక్కడికెళ్లారు?” అంటోంది ఒకమ్మాయి ఫోనులో, కంగారుగా.

“ఇక్కడున్నానండీ.”

ఆమె గిరుక్కున తిరిగింది. చెవులదాకా ఎర్రబడింది.

“పని ఆగిపోయిందటగా. మరెందుకు చేస్తున్నారు?”

“మానేద్దామనే అనుకుంటాను. సోమవారం దాకా గట్టిగానే ఉంటాను.”

“నాకు బుధవారం నుంచే కష్టంగా ఉంటోందండీ,” అన్నాడతను. “ఇక నావల్ల కాలేదు.”

ఆమె ఫోను పెట్టేసి, కుర్చీ లాగింది.

“కూర్చోండి,” అంది, కళ్లు తుడుచుకుని నవ్వుతూ. “మీరింత పొడుగనుకోలేదు.”