పదకొండో మెట్టు

పదో మెట్టుగా ఇచ్చిన చెంచాడు పెరుగు కడుపులోకి దిగి ఇరవై నిమిషాలైంది. ముసలి వైద్యుడు పైడిరాజు, పిల్ల కడుపు లోపలిని చూపే పేగుతెర మీంచి చూపు తిప్పలేదు. ఆరేళ్ల లోహిత పేగు గోడ వెంట కాపలా కణాలు గుంపులుగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాని ఒంటినిండా పాలను గుర్తుపట్టే కొక్కేలు. పాల తునక రెండు కొక్కేలకు ఒకేసారి తగులుకుంటే కణం భళ్లున పగులుతుంది. ఆ వెనకే దద్దుర్లు, వాంతులు, మూసుకుపోయే గొంతు.

ఇంతవరకు ఒక్కటీ పగల్లేదు.

"తాతా, ఇంకెంతసేపు?"

"కూకోయే గుంటా. నీ సిపాయిలు ఆలోసిస్తన్నారు."

"ఆళ్లకి బుర్రుందా?"

"నీకున్నంత ఉంది. అందుకే ఇంతసేపు!"

పక్కనున్న తల్లి దమయంతి నవ్వబోయి ఆగిపోయింది. ఒకప్పుడు కోవా ముక్క తిన్న బిడ్డ పెదాలు నీలంగా మారడం కళ్లారా చూసిన మనిషి.

గోడలోంచి, కేంద్రాన్ని నడిపే యంత్రం సంరక్షిణి గొంతు వినిపించింది. "రక్తంలో కొక్కేల లెక్క హద్దు దాటి ఉంది. పదకొండో మెట్టు రద్దు. తొమ్మిది నిమిషాల్లో తుడుపు."

తుడుపులో జ్ఞాపకమున్న ప్రతి కణమూ కొట్టుకుపోతుంది. పాల మీద పగతోపాటు వేసిన టీకాల గుర్తులూ పోతాయి. ఆ తర్వాత ఏ క్రిమీ సోకకుండా ఏడాదిపాటు గాజుగదిలో ఒంటరిగా ఉండాలి.

"ఏడాదా బాబాయ్?" దమయంతి కూతురి చెయ్యి పట్టుకుంది. "దీన్ని ముట్టుకోడానికి కూడా లేదా?"

పైడిరాజు పేగుతెర దగ్గరికి ఇంకాస్త వంగాడు. సంరక్షిణి చదివేది రక్తాన్నే. పేగుతెర ముందు కూర్చోవడం ముసలాళ్ల అలవాటని, ఒంటికి పడని తిండిని అలవాటు చేసే ఈ భీమిలి సహన కేంద్రంలో అందరూ నవ్వుతారు. కానీ పద్నాలుగు నెలల క్రితం బిస్కెట్లో కాల్చిన చిటికెడు పాలపొడితో మొదలుపెట్టి, ఈ పిల్లను మెట్టు మెట్టూ ఎక్కించింది ఆ ముసలి అలవాటే. కొక్కేలు తగ్గని మాట నిజం. అయితే వాటి మధ్య సర్దిచెప్పే కణాలు మొలిచాయి. తునకలు కొక్కేలదాకా చేరకుండా దారిలోనే చుట్టేసే కొత్త ప్రతిరక్షకాలు పుట్టాయి.

"దీని ఒళ్లు కష్టపడి నేర్సుకుంది. నేర్సుకున్నదాన్ని తుడిసేస్తావా?" అన్నాడు గోడతో.

"అభిప్రాయం నమోదైంది. ఏడు నిమిషాలు."

బల్ల అంచున బాధ్యతమీట ఉంది. కేంద్రం తెరిచాక దాన్ని ఎవరూ నొక్కలేదు. నొక్కితే సంరక్షిణి ఆజ్ఞ ఆగిపోతుంది, కానీ ఆపైన ఏం జరిగినా శిక్ష నొక్కినవాడికే. గొంతు మూసుకుపోతే ఆదుకునే ఎడ్రినలిన్ సూదిని పైడిరాజు ఎడమచేత్తో అందుకున్నాడు.

"అమ్మా, నీ మాట కావాలి. సూది సిద్దంగా ఉంది. అయినా బయం బయమే."

దమయంతి కూతురి వంక చూసింది. "ఇన్ని మెట్లు ఎక్కించింది నువ్వే. ఇయ్యి బాబాయ్."

మీట నొక్కాడు. పదకొండో మెట్టుగా చిన్న గ్లాసులో ఒక్క గుక్క కాచిన పాలు అందించాడు.

లోహిత తాగి మూతి ముడిచింది. "దీనికేనా ఇంత గొడవ?"

తెర మీద ఒక కణం ఉబ్బింది. దమయంతి బిడ్డను పొదివి పట్టుకుంది. పైడిరాజు బొటనవేలు సూది మూత మీదికి జరిగింది. సర్దిచెప్పే కణాలు నాలుగువైపులా మూగాయి. ఉబ్బు మెల్లగా తగ్గింది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఒంటి మీద ఒక్క దద్దురు లేదు.

"ఎవరి పిల్లనుకున్నావు!" అంటూ పైడిరాజు ఛాతీ విరుచుకుని గోడవైపు తిరిగాడు.

సంరక్షిణి తుడుపులన్నీ నిలిపేసింది. బయట వరండాలో, మిగతా పిల్లల తుడుపుకు వరసగా సిద్ధం చేసిన నలభై గదుల ఎర్రదీపాలు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. ఆజ్ఞలు తప్ప మరేమీ ఎరగని ఆ గొంతు మొదటిసారి ప్రశ్న వేసింది.

"నేను చూడనిది మీరేం చూశారు?"

పైడిరాజు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మొదట్నుంచీ సెప్తాను. రాసుకో."