గుమ్మం దగ్గర రెండు జతల బూట్లు

ఏజెంట్ 'నీడ'ని ఏ దేశంలో ఏ నగరంలో దింపినా సరే, గంట తిరక్కముందే అక్కడే పుట్టి, అక్కడే పాలపళ్లు ఊడగొట్టుకున్నవాడిలా కలిసిపోతాడు. పదకొండు వేషాలు, ఆరు భాషలు. గుంపులో నిలబడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అలాంటి మొనగాడు మన దేశంలో మరొకడు లేడు, ఇకముందు ఉండబోడు.

అందుకే గూఢచారి శాఖ పెద్దాయన ఆ పొద్దున అతన్నే పిలిపించాడు. బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది.

"పరాయి దేశాల్లో పనిచేస్తున్న మన మనుషుల పేర్లు బయటికి పోయాయి. ఒకే ఒక మైక్రోఫిల్మ్. అది గడియారాల ముఠా చేతిలో పడబోతోంది."

"ఎక్కడ సార్?"

పెద్దాయన గోడమీది పటంలో ఒక నగరం మీద వేలు పెట్టాడు.

"ఎప్పుడు?"

"తెలీదు. వెళ్లి, అక్కడి మనిషిలా బతుకుతూ కనిపెట్టు."

"ఎవరెవరి పేర్లున్నాయి?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మొదటి పేరు మీ బావది."

నీడకి బావ అంటే సొంత అక్క మొగుడు. శత్రుదేశంలో పంపుల విడిభాగాలు అమ్ముతున్నాడని అక్క అనుకుంటోంది. ఫిల్ము ముఠాకి చేరితే ఆయన మర్నాటి సూర్యుణ్ణి చూడడు. అక్కకి ఆ కబురు చెప్పాల్సింది కూడా తమ్ముడే.

కోటు బొత్తంలో కెమెరా, ఎడమ బూటు మడమలో మత్తుగ్యాసు, కుడి బూటు మడమలో ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, బొత్తాల వ్యాపారి వేషంలో నీడ ఆ నగరంలో దిగాడు.

గంటలో కలిసిపోతాడన్నాను కదూ. నోటికి హద్దుండాలి. నాలుగు నెలలైనా కలవలేదు.

మొదటి రోజు ట్రామ్ దిగాల్సినచోట తలుపు దానంతటదే తెరుచుకుంటుందని, గర్భగుడి ముందు భక్తుడిలా నిలబడ్డాడు. పక్కనున్న మీట నొక్కాలట. అది తెలిసేలోపు ట్రామ్ అతన్ని తీసుకెళ్లి షెడ్డులో పెట్టేసింది. అతని ఆరు భాషల్లో అక్కడి భాషా ఉంది గానీ, పుస్తకంలో ఉన్నంత నెమ్మదిగా అక్కడ ఎవరూ మాట్లాడరు. కూరల దుకాణంలో కూరలు మనమే తూచుకుని చీటీ అంటించుకోవాలని తెలియక కౌంటర్ దగ్గర నిలబడిపోయాడు. వెనక పన్నెండుమంది. ఒక్కరూ నోరెత్తలేదు. తిట్టినా బాగుండేది.

అద్దె ఇంటావిడ రోజూ తలుపుకి ఒక చీటీ అంటించేది. చేతిరాత చూసి అది శత్రువుల కోడ్ అనుకుని, నీడ రెండు రోజులు కోడ్ బుక్ ముందేసుకుని కుస్తీ పట్టాడు. చివరికి తేలిన రహస్యం: సీసాలు మంగళవారం పారేయాలి, తొమ్మిది దాటాక స్నానం చేయకూడదు.

చలి ఎముకల్లో కాపురం పెట్టింది. వాన ఏటవాలుగా పడేది, గొడుగు దండగ. కొన్ని వారాలు దుకాణాల్లో 'చాలు', 'వద్దు' అన్న రెండు మాటలు తప్ప అతను ఇంకేమీ పలకలేదు. ముఠా జాడ లేదు. హెడ్డాఫీసుకి ఏ సందేశం పంపినా ఒకటే జవాబు: సహాయం లేదు, సర్దుకో.

అతనితో మాట్లాడిన మనిషి ఒక్కతే. ముత్యాలావిడ. పైకి ఆమె విదేశీయులకి భాష నేర్పే టీచరు. మెడలో మూడు పేటల ముత్యాలు, మోచేతుల దాకా తొడుగులు, గదిలోకి వస్తే మాటలు ఆగిపోయే అందం. లోపల డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్ అడిగింది కూడా ఆవిడే.

"మీ గొడుగు ఎండకా, వానకా?"

"ఎక్కడో మరిచిపోవడానికి."

ఆమె రెండువైపులా పనిచేస్తోందని అతనికి తెలుసు. తెలుసని ఆమెకీ తెలుసు. అయినా మన భాషలో ఆమె అతని దగ్గర ఒక్క ముక్క నేర్చుకుని, కలిసినప్పుడల్లా అదే అడిగేది: "భోంచేశారా?" ఆ నగరంలో అతన్ని ఆ మాట అడిగినవాళ్లు వేరే ఎవరూ లేరు. ఆ ఒక్క ముక్క కోసం అతను భాష రానట్టు నటించి క్లాసులు పొడిగించుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో ఆమె పుస్తకం మూసింది. "శుక్రవారం. పగలు పదకొండు. గడియారాల షాపు పైగది."

"నాకెందుకు చెబుతున్నారు?"

"ఈ వారం మీవైపు పనిచేస్తున్నాను. వచ్చే వారం సంగతి చెప్పలేను."

శుక్రవారం నీడ గడియారాల మెకానిక్ వేషం వేశాడు. పదకొండుకి పది నిమిషాలుందనగా బయటి మెట్లెక్కి, పిన్నుతో తాళం తీసి, గదిలో దూరి, తలుపు పక్కనే ఉన్న మందపాటి తెర వెనక నక్కాడు. ఊపిరి బిగబట్టాడు. అప్పుడు తెలిసింది, పాదాలు చల్లగా ఉన్నాయని.

వంగి చూసుకున్నాడు. వట్టి మేజోళ్లు. బూట్లు గుమ్మం బయట ఉన్నాయి. అమ్మ నేర్పినట్టు, ముచ్చటగా జతచేసి, గోడవైపు తిప్పి మరీ విడిచాడు. మత్తుగ్యాసూ బయటే, ట్రాన్స్‌మిటరూ బయటే. ఆ ఊళ్లో ఎవరూ గుమ్మం ముందు బూట్లు విడవరు. ఇంతకన్నా పేరూ ఊరూ రాసిన బోర్డు తగిలించినా సరిపోయేది.

తీసుకురావడానికి వ్యవధి లేదు. షాపులోంచి వచ్చే లోపలి తలుపు తెరుచుకుని, ఎర్ర టై కట్టిన ముఠా నాయకుడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బయటి మెట్లమీద అడుగుల చప్పుడు. గుమ్మం దగ్గర ఆగింది.

బావ పని అయిపోయింది అనుకున్నాడు నీడ. వచ్చినవాడు బూట్లు చూశాడు, ఇక అరుస్తాడు.

అరవలేదు. ఏదో సర్దుతున్న చప్పుడు. తలుపు తోసుకుని వచ్చినవాణ్ణి నీడ తెర సందులోంచి గుర్తుపట్టాడు. హెడ్డాఫీసు కోడ్ విభాగం గుమాస్తా. ఆరేళ్లు ఒకే బల్ల దగ్గర టీ తాగిన మనిషి. అతని కాళ్లకీ మేజోళ్లే ఉన్నాయి. ఎడమ బొటనవేలు చిరుగులోంచి తొంగి చూస్తోంది.

"తెచ్చావా?" అన్నాడు ఎర్ర టై.

"మడమలో ఉంది," అంటూ గుమాస్తా వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు, ఆ కాళ్లు ఎవరివో అన్నట్టు చూస్తూ. గుమ్మం ముందు ఒక జత కనబడితే పక్కన తన జత విడవడం మనవాళ్ల కాళ్లు వాటంతటవే చేసే పని. దేశాన్ని అమ్ముకున్నా ఆ అలవాటు పోలేదు.

తెర వెనక నీడకి, తెర ముందు గుమాస్తాకి ఒకేసారి వెలిగింది. నీడ తలుపుకి మూడడుగులు దగ్గర. దూకాడు. గుమాస్తా విడిచిన బూట్లలో తన కాళ్లు దూర్చి మెట్లు దిగి పరుగెత్తాడు.

మెట్ల మలుపులో ముత్యాలావిడ. చేతిలో చిన్న పిస్తోలు, గురి అతని గుండెకి. ఆమె అతని కాళ్లవైపు చూసింది.

"అవి మీవి కావు."

"కావు."

"భోంచేశారా?"

"లేదు."

"వెళ్లండి." ఆమె పక్కకి తప్పుకుంది. పైకెళ్లి, వాళ్లింకా లోపలుండగానే, తలుపుకి బయటినుంచి తాళం తిప్పింది. నీడ వీధిలో పడేసరికి షాపులో గడియారాలన్నీ ఒక్కసారిగా పదకొండు కొట్టాయి.

ఫిల్ము అద్దె ఇంటి పొయ్యిలో కాలిపోయింది. మర్నాడు తలుపుకి చీటీ: పొయ్యిలో కట్టెలు తప్ప వేరేవి వేయరాదు.

హెడ్డాఫీసు సందేశం బొత్తాల కేటలాగులో దాక్కుని వచ్చింది. బావ క్షేమం. ఆయన అక్కడే కొనసాగాలి. నువ్వూ అక్కడే ఉండు, ఆ నగరానికి నీ అంత అలవాటుపడినవాడు మనకి లేడు. గడువు రాయలేదు. అక్క రెండు నగరాలకి ఉత్తరాలు రాస్తోంది, ఇద్దరినీ ఎప్పుడొస్తారనే అడుగుతోంది. ఇద్దరూ వచ్చే ఏడాది అనే జవాబిస్తున్నారు.

ఇందులో ప్రతి ముక్కా నిజమే, మెట్ల మలుపు తప్ప. అక్కడ ఎవరూ లేరు. ముత్యాలావిడ అప్పటికే ఇంకెవరి వైపో వెళ్లిపోయింది. తలుపుకి తాళమూ పడలేదు. గుమాస్తా కంగారులో నీడ బూట్లు తొడుక్కుని, అవి పెద్దవై, ఎర్ర టైని కూడా వెంటేసుకుని కిందిదాకా దొర్లాడు, అంతే. కానీ నాలుగు నెలలు ఎవరికీ పట్టకుండా బతికినవాణ్ణి, 'వెళ్లండి' అనే మనిషైనా లేకుండా ఆ మెట్లు దింపడానికి నాకు చేతులు రాలేదు.