కనపడేంత ఎరుపు

“ఏవండీ ఎడిటర్ గారూ, నా మిరపకాయలకి లిప్‌స్టిక్ ఎందుకు పూశారండీ?”

ఫోన్ ఎత్తగానే ఇదీ సిద్దికా పలకరింపు. దాచేపల్లిలో, మేడ మీద గదిలో, ల్యాప్‌టాప్ ముందు టీ తాగుతున్న సాదిక్‌కి పొలమారింది.

“ఏమైంది మేడం?”

“ఏమైందా? ఒంగోలు నుంచి పచ్చళ్ల కంపెనీ సుబ్బరావమ్మ గారు కారేసుకుని వచ్చారు. బస్తాలోంచి గుప్పెడు కాయలు తీశారు. ఫోన్‌లో మన రీల్ పక్కన పెట్టి చూశారు. ‘ఫోన్‌లో ఒక సరుకు, కల్లంలో ఇంకో సరుకా అమ్మా’ అని మళ్లీ కారెక్కారు. మంచినీళ్లు కూడా తాగలేదు.”

“సారీ మేడం...”

“మీ సారీ బస్తాల్లో పోసి అమ్ముకోనా? శుక్రవారానికి మా నాన్న లారీ మాట్లాడేశాడు. సరుకంతా యార్డుకే. ఇంక జన్మలో నా మాట వింటాడా? రేపు పొద్దున్నే రండి. కాయని మీ కళ్లతో చూసి, ఆ రంగు సరిచేసి వెళ్లండి.”

పెట్టేసింది.

సిద్దికాది అద్దంకి దగ్గర పల్లె. తండ్రి మాబు సాహెబ్ మిరప రైతు. ఏటా కాయని గుంటూరు యార్డుకి తోలడం, అక్కడ ఎవడో ముక్కు చిట్లించి చెప్పిన ధరకి తలూపి రావడం. ఏడాది పొడుగునా పడిన చాకిరీ ఆ ముక్కు చిట్లింపుతో తేలిపోయేది. ఈసారి కూతురు అడ్డం పడింది. “ఈ ఒక్క పంట నాకొదిలెయ్ నాన్నా. రీల్స్ పెట్టి నేనే అమ్ముతాను” అంది.

వీడియో తీయడం వచ్చు, కత్తిరించడం రాదు. ఎడిటర్ కావాలని ఫోన్‌లో ఒక గ్రూపులో పెడితే పదిమంది వచ్చారు. తొమ్మిదిమంది తమ గొప్పలు పంపారు. సాదిక్ మాత్రం ఆమె వీడియోనే ముప్ఫై సెకన్లకి కోసి పంపాడు. “మీరు కాయ విరిచినప్పుడు వచ్చే చప్పుడు బాగుంది. అందుకని పాట పెట్టలేదు” అన్నాడు. పని అతనికే ఇచ్చింది.

ఆమె మొహం అతను ఎన్నడూ చూడలేదు. రీల్స్‌లో ఉండేది చెయ్యీ, గొంతూ. రెండు నెలలుగా ఆ చెయ్యి అతని తెర మీద కాయలు తిరగేస్తూనే ఉంది. చిటికెన వేలు కొంచెం వంకర. ఒక్కోసారి ఏం మాట్లాడాలో తోచక, కాయ పట్టుకుని ఆ చెయ్యి ఆగిపోయేది. ఆగిన ఆ రెండు మూడు సెకన్లూ కత్తిరించి పారెయ్యడమే అతని పని. కత్తిరించేవాడు గానీ పారేసేవాడు కాదు. వేరే ఫోల్డర్‌లో దాచుకునేవాడు. కిటికీ బయట సున్నపురాయి లారీలు లేపిన తెల్లటి దుమ్ము మంచులా దిగుతుంటే, ఎక్కడో ఎండలో ఆగిపోయిన ఆ చేతిని చూస్తూ కూర్చునేవాడు. టీ చల్లారిపోయేది.

మర్నాడు నర్సరావుపేట మీదుగా బండి మీద వచ్చాడు. ఊరి బయట కల్లం. చేను గట్టు దాకా పరదాల మీద మిరపకాయలు పరిచి ఉన్నాయి. గాలి వీస్తే చాలు, ఘాటు గొంతులోకి దిగుతోంది. పదిమంది ఆడవాళ్లు ముక్కుకీ మూతికీ గుడ్డలు కట్టుకుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయల్ని ఏరి పక్కన పడేస్తున్నారు. అందరివీ కళ్లే కనపడుతున్నాయి.

“ఎవరు కావాలి బాబూ?” అని అడిగింది ఒకావిడ. సిద్దికా పిన్ని ఖుర్షిదా.

సాదిక్ వరస దగ్గరికి నడిచాడు. చేతులు చూశాడు. వరసలో నాలుగో చేతికి చిటికెన వేలు కొంచెం వంకర.

“మేడం,” అని, వెంటనే తుమ్మాడు. ఒకటి కాదు, ఏడు.

గుడ్డ పైన రెండు కళ్లు నవ్వాయి. కోపంగా ఉండాలని గుర్తొచ్చి మానేశాయి.

“నన్నెలా గుర్తుపట్టారు?”

“మీ... గొంతు.”

“నేనింకా మాట్లాడలేదుగా!”

ఖుర్షిదా మోచేత్తో పక్కావిడని పొడిచింది.

“సరే, ముందు పని చూడండి,” అంది సిద్దికా. “రంగు సరిచెయ్యండి.”

చెట్టు నీడలో ల్యాప్‌టాప్ తెరిచాడు. కాయ చూశాడు, తెర చూశాడు, ఏవో అంకెలు మార్చాడు. సిద్దికా వంగి చూసింది.

“ఇదేంటి, మట్టి రంగుకొచ్చింది? నిన్న లిప్‌స్టిక్, ఇవాళ ఇటుకా? ఎగతాళా?”

“లేదు మేడం.”

“చేలోకి వెళ్లి పండుకాయలు నాలుగు కోసుకు రండి. తెర పక్కన పెట్టి చూద్దాం.”

వెళ్లాడు. చాలాసేపు చెట్ల మధ్య నిలబడ్డాడు. వచ్చి గుప్పెడు కాయలు ఆమె చేతిలో పోశాడు. సగం పచ్చివి.

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. “పండుకీ పచ్చికీ తేడా తెలియని మారాజు ఎక్కణ్ణుంచి దిగాడమ్మా!” అంది ఖుర్షిదా.

సిద్దికా నవ్వలేదు. కాయలవంకా, అతనివంకా చూసింది.

“మీకు తెలియదా? కనపడదా?”

“నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటేలా ఉంటాయండీ. చిన్నప్పట్నుంచీ అంతే. చెబితే ఎడిటింగ్ పని ఎవరిస్తారు?” తల వంచుకున్నాడు. “మీ కాయ రంగు ఎంత బాగుందో అని అందరూ కింద రాస్తుంటే, నాకూ చూడాలనిపించింది. కనపడేదాకా పెంచుకుంటూ పోయాను.”

ఆమె లేచి వెళ్లిపోయింది. గట్టు మీద అటు తిరిగి నిలబడింది. కోపం రావాల్సిన చోట ఇంకేదో వస్తోంది. దాన్ని ఏమనుకోవాలో ఆమెకి తెలియలేదు.

సాదిక్ వెళ్లిపోదామనుకున్నాడు. బండి తాళం తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. కుప్ప ముందు గొంతుక్కూర్చుని తాలు ఏరడం మొదలుపెట్టాడు. అంతలో మాబు సాహెబ్ బస్తాలు మోసుకొచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు.

“అమ్మాయ్, ఇటు రా! ఎవరీ కుర్రాడు? ఒక్కడే ముగ్గురి పని చేస్తున్నాడు!”

సిద్దికా వచ్చింది. నిజమే. అతని వేళ్లు వెతకడం లేదు, తిన్నగా తాలు మీదే పడుతున్నాయి.

“నాకు మంచికాయ నల్లగా, తాలు తెల్లగా కనపడతాయండీ,” అన్నాడు బెదురుగా. “మీకు రంగు అడ్డమొస్తుంది. నాకు రాదు.”

సిద్దికా కళ్లు మెరిశాయి. ఫోన్ తీసింది.

“ఏరుతూనే ఉండండి. నేను సైగ చేసినప్పుడు నిజం చెప్పండి.”

ఒక్క కట్ లేకుండా తీశారు. “నేను సిద్దికాని. ముందు రీల్స్‌లో రంగు ఎక్కువైంది. చూసి కూడా, లైకులొస్తున్నాయని ఊరుకున్నాను. ఆ తప్పు నాది. మా కాయ అసలు రంగు ఇదీ,” అంది. సైగ చేసింది. “ఆ రంగు పెట్టింది నేను. నాకు ఎరుపు కనపడదు,” అన్నాడు సాదిక్. “తాలు మాత్రం ఒక్కటి కూడా నన్ను దాటిపోదు. నమ్మకపోతే వచ్చి బస్తా విప్పుకోండి.”

ఆ రీల్ అప్పుడే పెట్టేశారు. అతనా రాత్రి అద్దంకిలో స్నేహితుడి గదిలో పడుకుని, తెల్లారగానే మళ్లీ కల్లానికి వచ్చాడు. పని అయిపోయినా ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. ఒక గుడ్డ ఇచ్చి మూతికి కట్టుకోమన్నారు.

గురువారం సాయంత్రం సుబ్బరావమ్మ గారి కారు ఆగింది. ఆవిడ ఎవరినీ పలకరించలేదు. తనకి నచ్చిన ఐదు బస్తాలు విప్పించి, మోచేతి దాకా చెయ్యి దించి అడుగునుంచి కాయ తీసింది. ఎండలో పెట్టి చూసింది. తాలు కోసం వెతికింది. దొరకలేదు.

“రంగు తక్కువే,” అంది. సిద్దికా తండ్రి వంక చూసింది. “కానీ చెప్పినంతే ఉంది. అంతా నాకే కట్టండి.”

మాబు సాహెబ్ పక్కకెళ్లి లారీ వాడికి ఫోన్ చేశాడు. “వద్దులేవయ్యా. మా అమ్మాయి అమ్మేసింది,” అని కల్లమంతా వినపడేలా అరిచాడు. తర్వాత కుర్రాడి వంక తిరిగాడు.

“ఏం బాబూ, అన్నం తిని వెళ్దువుగాని. అలాగే మీ నాన్నగారి నంబరు ఇచ్చి వెళ్లు.”

“మా నాన్నగారిదెందుకండీ?”

“మాట్లాడాలి. నీతో మాట్లాడితే అయ్యేదా అది?”

ఖుర్షిదా కిసుక్కున నవ్వింది. ఆమెను చూసి ఇంకొకరు, ఆ తర్వాత అందరూ.

సిద్దికా మొహానికి కట్టుకున్న గుడ్డ విప్పింది. పొద్దు వాలుతోంది. సాదిక్ ఆమెని మొదటిసారి పూర్తిగా చూశాడు. గాలి ఆగినట్టనిపించింది.

“అందరూ ఎందుకు నవ్వుతున్నారు?” అన్నాడు.

“నా మొహం చూసి.”

“మీ మొహానికేమైంది? నాకేం కనపడట్లేదే.”

ఆమె దగ్గరికొచ్చి, అతనికి మాత్రమే వినపడేలా అంది.

“ఎర్రబడింది.”

సాదిక్ ఆమె బుగ్గలవంక చూశాడు. “ఇంకోసారి చెప్పవా?”

“చెప్పను. రోజూ చెప్పాలిగా నీకు, ఇప్పుడే అలిసిపోతే ఎలా?”