జెడ్ డ్రైవ్‌లో పదకొండు పేర్లు

పొద్దున రైల్వే స్టేషన్ మెట్ల మీద రహస్యాలు మోసే కొరియర్‌ను కాల్చేశారు. మధ్యాహ్నానికల్లా అతని బూటు మడమలో దొరికిన పెన్‌డ్రైవ్ ఒక కంప్యూటర్ రిపేరు షాపుకు చేరింది. ఆ షాపు వేషం. కౌంటరు వెనక మెకానిక్ గూఢచారి. నోట్లోంచి మాట ఊడిపడదు కనక డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని ముంగి అంటారు.

ఫోన్లో డిపార్ట్‌మెంటు పెద్దాయన గొంతు పలికింది. "నాలుగింటికి ఇంకొకర్ని లేపేస్తారట. ఎవర్నన్నది అందులో ఉంది. తెరువు."

"విండోస్ ప్రోగ్రాం సార్. మన దగ్గరున్నవన్నీ లినక్స్ మిషన్లు."

"ఆడలేక మద్దెల ఓడు అనకు. దారి చూడు."

ముంగి మొదట వర్చువల్ మెషీన్ పెట్టాడు. అది కంప్యూటర్లోనే ఒక అబద్ధపు కంప్యూటర్. లోపల ఏం పేలినా గోడ దాటదు. ప్రోగ్రాం ఆ గోడల్ని వాసన పట్టి మూసుకుపోయింది.

"పంజరమని పసిగట్టేసింది," అంది పక్కనే నిలబడ్డ దుబాసీ. సమావేశాల్లో రెండు భాషల మధ్య నిలబడి బతికే అందగత్తె. రెండేళ్ల కిందట విదేశీ ముఠాను వదిలి ఇటు వచ్చింది. వచ్చిన నాటి నుంచి ముంగి ఇంట్లోనే ఉంటోంది. "వైన్‌లో నడుపు. నెట్ మాత్రం తియ్యకు. తాళంచెవి వాళ్ల సర్వర్ నుంచే రావాలి."

వైన్ పంజరం కాదు. ప్రోగ్రాం విండోస్ భాషలో అడిగిన ప్రతిదాన్నీ లినక్స్‌కు చెప్పి, జవాబు తెచ్చి చేతిలో పెడుతుంది. ప్రోగ్రాం పుట్టింట్లో ఉన్నాననుకుంటుంది.

తెర మీద 'తాళం తీస్తున్నాం' అన్న గీత కదిలింది. దుబాసీ చెయ్యి అతని భుజం మీద పడింది. ఆ బరువు అతనికిష్టం. ఆ ఇష్టాన్ని ఎన్నడూ ప్రశ్నించలేదు. ప్రశ్నిస్తే మిగిలేది పాత ఒంటరితనమే.

"ఏంటి ముంగీ, చెమటలు పడుతున్నాయి?"

"ఒక మనిషి ప్రాణం."

"నీకు మనుషులంటే ఇంత ఇదని తెలీదే!"

అరవై శాతం. ఎనభై. తెర నల్లటి అంచులో ఆమె ముఖం కనిపించింది. ఆమె చూపు పేరు రావలసిన చోట లేదు. నెట్ పెట్టె మీద కొట్టుకుంటున్న పచ్చ లైటు మీద ఉంది.

ప్రోగ్రాం ఏమేం తెరుస్తోందో నమోదయ్యే లాగ్ తెరిచాడు. ప్రతి వరుసలోనూ జెడ్ డ్రైవ్.

వైన్ మామూలుగా జెడ్ అనే డ్రైవ్ పేరుతో లినక్స్ ఇల్లంతా, అంటే మిషన్లోని ఫైళ్లన్నీ, ప్రోగ్రాంకు చూపిస్తుంది. తెలియని సరుకు నడిపే ముందు ఆ లంకె తెంచాలని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది ముంగే. ఇవాళ తెంచలేదు. సరిహద్దు అవతల అతని కింద పనిచేస్తున్న పదకొండు మంది పేర్లు ఆ ఇంట్లోనే ఉన్నాయి. అవి బయటికి పోతున్నాయి.

తొంభై ఏడు.

"ఒక్క నిమిషం ఆగు," అందామె, మరీ త్వరగా.

తొంభై తొమ్మిది దగ్గర కేబుల్ పీకాడు. లైటు ఆరింది. చివరి ముక్క చేరకపోతే ఆ మూట అవతల విప్పుకోదు.

దుబాసీ లిప్‌స్టిక్ తీసింది. అందులో ఒకటే తూటా. అమర్చి ఇచ్చింది అతనే.

"నాలుగింటికి ఎవరూ చావరు. అంతేగా?" అన్నాడు ముంగి.

"నువ్వు నమ్మాలనే పొద్దున ఒకణ్ణి చంపారు. చాలదా?"

"వాడు లేకపోయినా నమ్మేవాణ్ణి."

ఆమె మీట నొక్కడం ఒక్క క్షణం ఆలస్యం చేసింది. ముంగి ఆమె మణికట్టు ఒడిసి పట్టాడు. తూటా సీలింగులో దిగింది.

సాయంత్రం పెద్దాయన రిపోర్టు ఫారం పంపాడు. 'పొరపాటుకు కారణం' అన్న గడిలో ముంగి రాశాడు: తెలియని ప్రోగ్రాంను పూర్తి అనుమతులతో నడవనిచ్చాను. రెండేళ్లు.