లేబుల్ లేని సీసా

"చీటీ లేకుండా ఇవ్వను," అన్నాడు మందుల షాపు అతను.

వాళ్లిద్దరి పరిచయం అలా మొదలైంది. భుజం పట్టేసి నొప్పి మాత్రల కోసం వచ్చిన డ్రైవింగ్ టీచర్‌కి ఒళ్లు మండింది.

"నొప్పి నాది. మధ్యలో మీకేంటి బాధ?"

"అసలు భుజం ఎందుకు పట్టేసింది?"

"మా నాన్న డ్రైవింగ్ స్కూలు కారు స్టీరింగ్ రాయిలా ఉంటుంది. రోజంతా తిప్పాలి కదా!"

"అయితే వైద్యం చేయాల్సింది భుజానికి కాదు, స్టీరింగ్‌కి."

ఆమె విసవిసా వెళ్లిపోయింది. మర్నాడు డాక్టరు చీటీతో వచ్చింది. ఆ తర్వాత చీటీ లేకుండా, నొప్పి లేకుండా కూడా రావడం మొదలుపెట్టింది. అతనికి 'చీటీగారు' అని పేరు కూడా పెట్టేసింది.

నాలుగు నెలలు గడిచాయి. ఆమె తండ్రి ముందు నిలబడి విషయం చెప్పడానికి మాత్రం చీటీగారికి నోరు పెగల్లేదు. ఎదురుగా వచ్చే లారీలు కూడా మాస్టారి గొంతు విని పక్కకి తప్పుకుంటాయని ఊళ్లో పేరు మరి.

చివరికి ఆమే తేల్చేసింది. "ఆదివారం నాన్న జుట్టు కత్తిరించుకోడానికి వెళ్తారు. పదకొండుకి గాని రారు. ఈలోగా స్టీరింగ్ ఆయిల్ మార్చేద్దాం. ఎన్నాళ్లుగానో చెప్తున్నా, వినరు. స్టీరింగ్ ఒక్క వేలితో తిరిగితే ఆయనా మెత్తబడతారు. అప్పుడు నువ్వు మాట్లాడాలి. మాట్లాడలేదో, ఇంక నేను షాపు మెట్టెక్కను."

మొదలుపెట్టినప్పుడు నవ్వుతూనే ఉంది. చివరి మాట అన్నప్పుడు నవ్వలేదు. అదే అతన్ని వారమంతా నిద్రపోనివ్వలేదు.

ఆదివారం పదింటికి వాళ్లింటి ఆవరణలో కారు ముందు చక్రాలు స్టాండ్ల మీద గాల్లో ఉన్నాయి. ఆమె బానెట్ ఎత్తి, స్టీరింగ్ నుంచి ఆయిల్ తిరిగొచ్చే గొట్టాన్ని, ఆ ఆయిల్ నిల్వ ఉండే డబ్బా నుంచి ఊడదీసి ఒక ఖాళీ సీసాలో పెట్టింది. డబ్బాకి ఉన్న రంధ్రాన్ని బిగించి మూసింది. అతను డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

"ఇంజిన్ జోలికి పోకు. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పు. పాత ఆయిల్ బయటికి పోతుంటే నేను కొత్తది పోస్తుంటా. డబ్బా ఖాళీ అయిందంటే లోపలికి గాలి చేరుతుంది. అప్పుడు మన పని అంతే."

"ఇంత బరువుందేంటి ఇది?"

"నాలుగు నెలలుగా నా భుజం మొత్తుకుంటోంది అదే."

కాటుకలాంటి ఆయిల్ సీసాలోకి జారసాగింది. క్రమంగా రంగు తేటపడింది. అంతలో గేటు కిర్రుమంది. అతను కంగారులో స్టీరింగ్ గబగబా తిప్పేశాడు.

"ఆగు! ఆగమంటుంటే!"

తీరా చూస్తే గాలికి ఊగిన గేటు. కానీ కొని తెచ్చిన కొత్త ఆయిలంతా పోసేసినా, అది పాతదాని వెనకే సీసాలోకి పోయింది. డబ్బా అడుగున కొంచెమే మిగిలింది. టైము పది నలభై. పన్నెండింటికి కొత్త స్టూడెంట్ వస్తాడు.

"షెడ్డులో పై అరలో నాన్న సీసా ఉంటుంది, తేనె రంగుది. పరుగెత్తు!"

తెచ్చాడు. కానీ ఇవ్వలేదు. సీసాని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"దీని మీద లేబుల్ లేదు."

"నాన్న దేనికీ అంటించరు. ఆయనకి చూడగానే తెలిసిపోతుంది. ఇలా ఇవ్వు."

"నీకు తెలుసా?"

"రంగు అదే కదా!"

"రంగు చూసి నేను దగ్గు మందు కూడా ఇవ్వను."

"ఇది షాపు కాదు! అన్నిటికీ భయమే నీకు. మందంటే భయం, సీసా అంటే భయం, మా నాన్నంటే భయం. నాలుగు నెలలు! ఇంకెన్నాళ్లు తిరగాలి నీ చుట్టూ?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతనికి మనసు చివుక్కుమంది. సీసా ఇచ్చేస్తే ఆమె నవ్వుతుంది, అంతా సర్దుకుంటుంది. అయినా వేళ్లు సడలలేదు.

"నువ్వు షాపుకి రాకపోయినా సరే. తెలియనిది పోయనివ్వను. ఈ కారుని రేపు నడిపేది నువ్వు."

"ఏది పోయనివ్వవు?"

గొంతు గేటు దగ్గర్నుంచి వచ్చింది. కొత్త క్రాఫుతో మాస్టారు నిలబడి ఉన్నారు. చేతులు కట్టుకుని ముందు కారు వంక, తర్వాత కూతురి వంక, చివరికి అతని వంక చూశారు.

అతను రెండడుగులు ముందుకేశాడు. సీసాని ఆయన చేతికిచ్చాడు.

"ఇదేంటో చెప్పండి మాస్టారూ."

ఆయన మూత తీసి వాసన చూశారు. ముఖం మారిపోయింది. "బ్రేక్ ఆయిల్. ఇది స్టీరింగ్‌లో పడితే లోపలి సీళ్లన్నీ పాడై, మొత్తం కారిపోయేది." కూతురి వైపు తిరిగారు. "నువ్వు పోయబోయావా?"

ఆమె తల దించుకుంది.

"ఆపింది నువ్వా? ఎవరు నువ్వు?"

"మందుల షాపు నడుపుతాను."

"మందుల షాపుకి నా కారుతో ఏం పని?"

"కారుతో ఏం లేదు మాస్టారూ. మీ అమ్మాయితోనే. నాకు తనంటే ప్రాణం. పెళ్లి చేసుకుంటాను. నాలుగు నెలల కిందటే చెప్పాల్సింది, భయపడ్డాను. ఇప్పటికీ భయంగానే ఉంది."

ఆమె చటుక్కున తలెత్తింది.

మాస్టారు షెడ్డులోకి వెళ్లి వెతికి, సీలు తీయని స్టీరింగ్ ఆయిల్ డబ్బా తెచ్చి కూతురి చేతిలో పెట్టారు. అతనికి సీటు చూపించారు.

"కూర్చో. మెల్లగా తిప్పు. చివరకి తిప్పాక అక్కడే బిగపట్టకు. బుడగలు ఆగేదాకా తిప్పుతూనే ఉండు."

తండ్రి చూస్తుంటే కూతురు పోసింది, అతను తిప్పాడు. గొట్టం బిగించి, చక్రాలు కిందికి దించి, మాస్టారే ఇంజిన్ స్టార్ట్ చేశారు. స్టీరింగ్ మీద ఒక్క వేలు పెట్టి తిప్పారు. తిరిగింది. ఆయన కాసేపు ఆ వేలి వంకే చూసుకున్నారు.

"బండి తీయి. వీధి చివరిదాకా పోయొద్దాం," అన్నారు అతనితో.

"నాకు... డ్రైవింగ్ రాదు మాస్టారూ."

మాస్టారు గుడ్లురిమారు.

"రాదా? నా అల్లుడికి డ్రైవింగ్ రాదని నలుగురికీ తెలిస్తే స్కూలు బోర్డు పీకేసుకోవాలి! రేపు పొద్దున ఆరింటికి రా. వచ్చేటప్పుడు లేబుళ్లు తీసుకురా, షెడ్డులో పదకొండు సీసాలున్నాయి."