చూడకుండా సర్దినవాడు

మేడ్చల్‌లోని ఆ చిన్న ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే జాస్మిన్‌కు ఎడ్వర్డ్‌ను చూసిన మొదటిరోజే ఒళ్లు మండింది. కొంపల్లి నుంచి బైక్ మీద వచ్చిన ఆ యువకుడి పని కంప్యూటర్లలోని రోగుల వివరాలను విడదీయడం. ఎవరైనా చూడదగినవి వేరు, సిబ్బంది చూడదగినవి వేరు, డాక్టర్ తప్ప ఎవరూ తెరవకూడనివి వేరు. సాయంత్రానికల్లా జాస్మిన్ కంప్యూటర్‌లో పేర్లు, ఫోన్ నంబర్లు తప్ప ఏమీ మిగల్లేదు.

“ఊర్లకెల్లి వచ్చినోళ్లు రిపోర్టు అడిగితే డాక్టర్‌నే అడగమనాల్నా? మరి నేనెందుకు ఈడ?”

“మీరు లేకుంటే లోపలికి ఎవరొస్తరు?” అన్నాడతను, చాలా సీరియస్‌గా. ఆమె నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత వాన సాయంత్రాల్లో, తన ఊరు రావల్కోల్ వెళ్లే ఆటో దొరికేదాకా ఆమెకు తోడుగా నిలబడటం అతనికి అలవాటైంది.

ఒకరోజు ఒక పెద్దమనిషి వచ్చాడు. వెనక గదిలో ఉన్న జాస్మిన్‌కు ఆయన మాటలు వినబడుతున్నాయి. రావల్కోల్ ఎలీషమ్మ బిడ్డను తమ పిల్లవాడికి అడుగుతున్నామని, ఆ అమ్మాయి చిన్నప్పుడు ఇక్కడే చూపించుకుందని విన్నామని, ఏం జబ్బో చెప్పమని, జాస్మిన్ బదులు రిసెప్షన్‌లో కూర్చున్న తోటి ఉద్యోగి శోభారాణిని అడిగాడు.

ఎలీషమ్మ జాస్మిన్ వాళ్ల అమ్మే; ఆయన అడుగుతున్నది తన గురించే. బడిలో చదివేటప్పుడు ఆమెకు ఫిట్స్ వచ్చేవి. మందులతో ఎప్పుడో తగ్గాయి. కానీ ఆ మాట ఊళ్లో పడితే ఎంత పెద్దదవుతుందో ఆమెకు తెలుసు.

శోభారాణి మొహమాటానికి వెతికింది. ఫైల్ తెరుచుకోలేదు. ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఊపిరి పీల్చుకున్న జాస్మిన్‌కు వెంటనే ఇంకో భయం పట్టుకుంది. అన్నీ సర్దినవాడు అన్నీ చదివే ఉంటాడు కదా. వరండాలో ఎడ్వర్డ్ కనబడగానే అడిగేసింది.

“నా ఫైల్ జూసిన్రా?”

“పైన పేర్లే జూసిన. లోపల ఎవ్వర్ది దెర్వలే.”

“నాది సుత?”

“మీ గురించి తెల్సుకోవాలనే ఉంది. కానీ మీరు జెప్తేనే.”

బయట వాన జోరందుకుంది. జాస్మిన్ బెంచీ మీద కూర్చుని అంతా తనే చెప్పింది. క్లాసులో పడిపోవడం, పిల్లలు దూరంగా జరగడం, మందు బిళ్లలు, అమ్మ కన్నీళ్లు. అతను మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

“ఆ సంబంధం వద్దని అమ్మకు జెప్త,” అందామె చివరికి.

“ఆదివారం ప్రార్థన అయినంక నేనొచ్చి మీ అమ్మతోని మాట్లాడొచ్చా?”

“అమ్మ మస్తు ప్రశ్నలడుగుతది.”

“అడగనీయండి. అన్నిటికి జెప్త.”

ఆమె బెంచీ మీద కాస్త పక్కకు జరిగి, అతనికి చోటిచ్చింది.